40 గుంటల గడ్డి, 8 బర్రెలు: ఆరు నెలల లెక్క

నల్లగొండ జిల్లా మునుగోడు దగ్గర చల్క (ఎర్ర ఇసుక నేల) పొలం. ఎకరం (40 గుంటలు) సూపర్ నేపియర్ గడ్డి, 8 బర్రెలు, 2 పడ్డలు. గడ్డి నిలువెత్తు పెరిగింది, గాడి నిండా మేత ఉంటోంది. పాలు మాత్రం క్యానులో సగం దాటవు. ఇలాంటి పొలం ఉన్నవాళ్ళకు పనికొస్తుందని ఈ లెక్క రాస్తున్నాను. ఇందులో చెడగొట్టుకున్న పనులే ఎక్కువ.

పాల లెక్క గురించి ముందే ఒక మాట. మొదలుపెట్టినప్పుడు 6 బర్రెలు పాలిస్తున్నాయి. ఒకటి వట్టిపోవడానికి వచ్చింది కాబట్టి దాన్ని వదిలేశాను. కింద ఎక్కడ పాల అంకె కనిపించినా అది మిగతా 5 బర్రెలది, రెండు పూటలు కలిపి, 7 రోజుల సగటు. నవంబరులో ఇంకో బర్రె ఈనింది. దాని పాలు కలిపితే అంకె ఘనంగా ఉంటుంది కానీ అబద్ధం అవుతుంది. పాలు చెంబుతో కొలవలేదు, నురగ మోసం చేస్తుంది. కాంటాతో తూచి, కిలోలను 1.03తో భాగించి లీటర్లు రాసుకున్నాను.

దశ 1: తూకం (2024 జూలై 29 – ఆగస్టు 4)

1. కోసిన గడ్డిని ముక్కలు కొట్టే మిషన్‌లో వేసే ముందు తూచాం: రోజుకు 250 కిలోలు.
2. మర్నాడు పొద్దున గాడిలో మిగిలినదంతా గోనె సంచిలో ఎత్తి తూచాం: 78 కిలోలు.
3. పాలు: 27.4 లీటర్లు. ఫ్యాట్ 6.7.

రెండో అంకె చూసి నేను కాంటాను అనుమానించి, 50 కిలోల సిమెంటు బస్తా వేలాడదీసి మరీ చూశాను. కాంటా సరిగ్గానే ఉంది. అంటే నూటికి 31 కిలోలు పెంటకుప్పకే పోతున్నాయి. మిగిలినవన్నీ మొదలు ముక్కలే, బొటనవేలంత లావు, కర్రలాంటివి. మా నాయిన ఒక ముక్క చేతిలోకి తీసుకొని విరవబోతే విరగలేదు. "గడ్డి కాదురా ఇది, సొప్ప. బర్రెకు పండ్లున్నయా లేవా సూసినవా?" అన్నాడు.

గడ్డిలో నీళ్ళు పోగా ఎంత ఉందో చూద్దామని నల్లగొండలో మా బావమరిది ఇంటికి 100 గ్రాముల ముక్కలు పట్టుకెళ్ళాను. వాళ్ళింట్లో మైక్రోవేవ్ ఉంది. లోపల ఒక గ్లాసు నీళ్ళు కూడా పెట్టాలి, లేకపోతే గడ్డి అంటుకుంటుంది. రెండేసి నిమిషాలు తిప్పుతూ, బరువు ఇక తగ్గదు అన్నదాకా తూచాను. 27 గ్రాములు మిగిలింది. ఇల్లంతా గడ్డివాము వాసన. రెండోసారి వెళ్ళే మొహం లేక తర్వాతి పరీక్షలన్నీ మా ఇంట్లో పెనం మీద, సన్న మంట మీద చేశాను. అదీ పనిచేస్తుంది, కానీ దగ్గరే కూర్చోవాలి.

ఖర్చు: వేలాడే కాంటా 1,400, టేపు, మేకులు, తాడు 260. మొత్తం 1,660.

దశ 2: నీళ్ళు (ఆగస్టు 5 – 18)

గడ్డి జోలికి వెళ్ళే ముందు నీళ్ళ సంగతి తేల్చమన్నది పశువుల డాక్టర్. మేం రోజుకు రెండుసార్లు విప్పి తాగించేవాళ్ళం. బకెట్లతో లెక్కపెడితే బర్రెకు 48 లీటర్లు పడుతోంది. పాలల్లో నూటికి 80 వంతులకు పైగా నీళ్ళే. తాగకపోతే ఎక్కడి నుంచి వస్తాయి?

1. రెండు బర్రెల మధ్య ఒక సిమెంటు గోళెం (నీళ్ళ తొట్టి) పెట్టాం.
2. అన్నిటినీ అడుగున పైపుతో కలిపి, మొదటి గోళెంలో ఫ్లోట్ వాల్వు బిగించాం.
3. పైపును మట్టిలో పూడ్చాం. మొదటి మూడు రోజులు పైనే వదిలేస్తే మధ్యాహ్నం నీళ్ళు స్నానానికి కాచినట్టు వచ్చాయి, బర్రెలు మూతి పెట్టి తీసేశాయి.

ఇప్పుడు బర్రెకు 71 లీటర్లు. ఆగస్టు 18 నాటికి పాలు 29.0 లీటర్లు. మేత మారలేదు, దాణా మారలేదు. అప్పట్లో మా పాల కేంద్రంలో ఫ్యాట్ పాయింటుకు (ఒక శాతానికి) 9 రూపాయలు ఇచ్చేవాళ్ళు, అంటే లీటరు 60 దాకా. రోజుకు 1.6 లీటర్లు పెరిగితే 96 రూపాయలు. 38 రోజుల్లో గోళాల డబ్బు తిరిగొచ్చింది. ఈ డైరీలో ఇంత తొందరగా డబ్బు తెచ్చిన పని మరొకటి లేదు.

మా వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి అందరికీ తెలిసిందే. పశువులకూ తప్పదు. మా పాత ఎద్దు పళ్ళు గోధుమ రంగు తిరిగి, కీళ్ళు పట్టేసి పోయింది. గోళాలకు బోరు పైపు కలపకుండా కుంట పక్కన బావి నీళ్ళే కలిపాను.

ఖర్చు: 3,600. ఇప్పటిదాకా మొత్తం 5,260.

దశ 3: సాళ్ళ లెక్క (ఆగస్టు 19 నుంచి)

అసలు తప్పు ఇక్కడ ఉంది. నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది.

నేపియర్‌ను మొదటిసారి 70–75 రోజులకు, తర్వాత 45–50 రోజులకోసారి కోయాలి. ఇది నాకు తెలుసు. మరి నా గడ్డి వయసెంత? కోసిన తేదీలు సాళ్ళ దగ్గర పాతిన మేకుల మీద రాసి చూస్తే 95 రోజులు. ఎందుకు?

మా మడిలో 73 సాళ్ళు, ఒక్కోటి 198 అడుగులు, సాలుకు సాలుకు 3 అడుగులు. ముదిరిన గడ్డి సాలుకు 333 కిలోలు తూగుతోంది. నాకు కావాల్సింది 250. కాబట్టి రోజుకు ముప్పావు సాలు కోస్తే చాలు, కొడవలి దించేస్తాం. రోజుకు ముప్పావు సాలు చొప్పున 73 సాళ్ళు తిరిగి రావడానికి 97 రోజులు. ఈలోపు అవతలి గడ్డి ముదురుతుంది, బరువెక్కుతుంది. బరువెక్కితే ఇంకా తక్కువ జాగా కోస్తే సరిపోతుంది. జాగా తగ్గితే అవతలిది ఇంకా ముదురుతుంది. బరువు చూసి కోసినంత కాలం ఈ చక్రంలోంచి బయటపడే దారే లేదు. పైగా చూసేవాళ్ళకు గడ్డి పుష్కలంగా ఉన్నట్టే కనిపిస్తుంది.

అందుకని కాంటాను పక్కన పెట్టి సాళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాం.

1. రెండు రోజులకు మూడు సాళ్ళు. గడ్డి ఎంత వచ్చినా సరే.
2. అన్నిటికన్నా ముదిరిన సాలు నుంచి మొదలు.
3. ప్రతి సాలు తలకట్టు దగ్గర మేకు, దాని మీద కోసిన తేదీ.
4. బర్రెలకు 250 కిలోలు తీసి, మిగిలింది వేరే పెట్టడం.

49 రోజుల్లో మడి మొత్తం ఒక చుట్టు తిరుగుతుంది. మొదటి రోజు 95 రోజుల గడ్డి, చివరి రోజు 48 రోజుల గడ్డి. మధ్యలో ఒక్క పూట కూడా మేతకు లోటు రాదు. మొదట నేను మడి మొత్తం ఒకేసారి కోసేసి సమం చేద్దామనుకున్నాను. మా ఆవిడ ఆపింది: "అన్నీ ఒక్కనాడే కోస్తే నెల పొడుగున బర్రెలకు ఏం పెడ్తవు, మట్టా?" అంది. నిజమే, ఆ లెక్క నేను వేసుకోలేదు.

ఇంకా లేతగా, 30 రోజులకే కోస్తే ఏమవుతుందని అడిగినవాళ్ళున్నారు. జొన్నకు ఉన్నంత నాము (లేత జొన్నలో ఉండే సైనైడ్ విషం) భయం నేపియర్‌కు లేదు. కానీ యూరియా చల్లిన తర్వాత లేత గడ్డి కోసి పెడితే అందులో నైట్రేట్ పేరుకొని ఉంటుంది, ప్రమాదం. దుబ్బు కూడా నీరసిస్తుంది.

దశ 4: కోత

రోజుకు ఒకటిన్నర సాలు అంటే కోత రెట్టింపయింది. కొడవలితో ఇద్దరం రెండు గంటల 40 నిమిషాలు. నాలుగో రోజుకే నడుం లేవలేదు. రెండు స్ట్రోకుల బ్రష్ కట్టర్ కొన్నాం, 11,500. లీటరు పెట్రోలుకు 40 మిల్లీ ఆయిల్ కలపాలని దాని పుస్తకంలో ఉంది.

దాంతో చేసిన తప్పులు వరుసగా:

మొదట మూడు రెక్కల బ్లేడు వాడాను. కోయదు, చీలుస్తుంది. మోళ్ళు కుంచెలా విచ్చుకున్నాయి. పైగా చల్క నేల, రాళ్ళు. బ్లేడు రాయికి తగిలి నిప్పులు రాలితే భయమేసి అడుగు ఎత్తున కోశాను. మూడు వారాల తర్వాత పది దుబ్బులు ఎంచి పిలకలు లెక్కపెట్టాం. దుబ్బుకు సగటున 11. అవి కూడా మోడు కణుపుల నుంచి వచ్చిన సన్న పిలకలు, గాలికి ఒరిగిపోయాయి.

తర్వాత 80 పళ్ళ గుండ్రటి బ్లేడు, నేలకు 3–4 అంగుళాల ఎత్తు. కోత నున్నగా వచ్చింది. పిలకలు దుబ్బుకు 19, మొదట్లోంచి లావుగా. ఒక్కటే బాధ, మూడు రోజులకోసారి గుండ్రటి ఆకురాయితో పళ్ళు సాన పట్టాలి. కోయబోయే సాలులో ముందురోజు సాయంత్రమే రాళ్ళు ఏరుతున్నాం. అది మా చిన్నోడి పని, రాయికి పావలా అన్నాను, వాడు పావలా అంటే ఏంటని అడిగాడు. రూపాయికి ఒప్పుకున్నాను.

కోసిన గడ్డి నాలుగు దిక్కులా పడి, ఏరడానికే ముప్పావు గంట పట్టేది. 6 అంగుళాల పీవీసీ పైపు ముక్కను నిలువునా చీల్చి, బ్లేడు గార్డుకు ఎడమవైపు క్లాంపుతో బిగించాను. గడ్డి దాన్ని ఒరుసుకొని ఒకే వైపు వరుసగా పడుతుంది. ఇప్పుడు కోత 35 నిమిషాలు, ఏరడం 20 నిమిషాలు, పెట్రోలు 300 మిల్లీ.

ఖర్చు: మిషన్ 11,500, బ్లేడ్లు 1,150, పైపు, క్లాంపు 120. మొత్తం 18,030.

దశ 5: చాప్‌కట్టర్

మాది 2 హెచ్‌పీ మిషన్. ముక్క 3 అంగుళాలు పడుతోంది. అలాగే రావాలేమో అనుకొని ఇన్నాళ్ళూ వాడాను. గేరు ఒకటుందని మెకానిక్ చూపించేదాకా తెలియదు, గ్రీజు, దుమ్ము గట్టిపడి అది కనిపించకుండా పోయింది.

1. గేరు మార్చి ముక్క 1 అంగుళానికి తెచ్చాం.
2. బ్లేడ్లు విప్పి సాన పట్టించాం.
3. బ్లేడుకు, కింది పట్టీకి మధ్య సందు పోస్టుకార్డు మందానికి బిగించాం.

అదే ముదురు గడ్డి, 1 అంగుళం ముక్క: మిగులు 31 నుంచి 19 శాతానికి తగ్గింది. అక్టోబరులో 48 రోజుల గడ్డి, 1 అంగుళం ముక్క: మిగులు 6 శాతం.

ఆగస్టు 27న మా నాయిన భుజం మీది కండువా కొస రోలర్లలోకి పోయింది. నేను స్విచ్ దగ్గరే ఉన్నాను కాబట్టి సరిపోయింది. కండువా సగం ఒకటేసి అంగుళం ముక్కలుగా బయటికొచ్చింది. ఆ రోజు నుంచి గడ్డి నెట్టడానికి చేయి కాదు, కర్ర. మిషన్ దగ్గరికి కండువా, కొంగు, పొడుగు చేతుల చొక్కా ఏదీ రాకూడదు.

ఖర్చు: 700. మొత్తం 18,730.

దశ 6: పాతర, పూర్తిగా నష్టపోయిన పని (ఆగస్టు 19 – అక్టోబరు 18)

సాళ్ళ లెక్కలో రోజుకు 200–250 కిలోలు మిగులుతోంది. దాన్ని గాలి తగలకుండా పూడ్చి పులియబెట్టి పాతర గడ్డి (సైలేజి) చేద్దామని 12 అడుగుల పొడవు, 6 వెడల్పు, 4 లోతు గుంత తీయించాను. రోజూ మిగిలింది రోజూ అందులో వేసి, బెల్లం నీళ్ళు చల్లి, తొక్కి, టార్పాలిన్ కప్పడం. 13 రోజుల్లో 2 టన్నుల 900 కిలోలు పడింది. నూటికి 2 కిలోల చొప్పున నల్లబెల్లం 58 కిలోలు.

ఆగస్టు 31 రాత్రి ఖమ్మం, సూర్యాపేటలను ముంచిన వాన మా మీద కూడా పడింది. గుంత మూయడానికి మట్టి దొరక్క బురదే ఎత్తి పోశాం.

48 రోజుల తర్వాత తీశాం. పై అడుగున్నర నల్లగా, జిగురుగా. పక్కలంతా తెల్ల బూజు. మధ్యలో మాత్రం పసుపుపచ్చగా, పుల్లటి వాసనతో కొంత బాగుంది. బర్రెలు తిన్నది 900 కిలోలు. 2 టన్నులు పెంటకుప్పకు పోయింది.

తప్పులు నావే:

1. గుంత ఒకటి రెండు రోజుల్లో నింపి మూసేయాలి. నేను 13 రోజులు తెరిచి మూశాను, రోజూ కొత్త గాలి పోయింది.
2. ముదిరిన కాడ గుల్లగా ఉంటుంది, తొక్కినా అణగదు. ఘనపుటడుగుకు 10 కిలోలే పట్టింది. 15 పట్టాలి.
3. గుంత పల్లంలో తీశాను. వాన నీళ్ళు అడుగు నుంచి ఊరాయి.

ఖర్చు: జేసీబీ 1,200, టార్పాలిన్ 1,800, బెల్లం 2,204. మొత్తం 23,934.

దశ 7: డ్రమ్ములు (సెప్టెంబరు 3 – 30)

గడ్డి లేతబడేకొద్దీ మిగులు తగ్గింది. రోజుకు వంద చిల్లర కిలోలే మిగులుతున్నప్పుడు గుంత ఎందుకు? మూత, ఇనుప పట్టీ ఉన్న 200 లీటర్ల పాత ప్లాస్టిక్ డ్రమ్ములు 12 తెచ్చాను, ఒక్కోటి 850. రసాయనాలు ఉన్నవి వద్దని, చింతపండు గుజ్జు వచ్చినవి ఏరి తెచ్చాను.

1. కోసిన గడ్డి రెండు మూడు గంటలు నీడన వాడ్చాలి. గుప్పెట్లో పిండితే చేయి తడవాలి కానీ చుక్క కారకూడదు.
2. 1 అంగుళం ముక్క. డ్రమ్ములో ముందు ప్లాస్టిక్ సంచి పరచాలి.
3. జానెడు మందం వేయడం, బెల్లం నీళ్ళు చల్లడం, ఒక మనిషి లోపలికి దిగి తొక్కడం. మళ్ళీ జానెడు.
4. అంచు పైకి బోర్లించినట్టు నింపి, సంచి మూతి కట్టి, మూత బిగించాలి. అదే రోజు.

డ్రమ్ముకు 118 కిలోలు పట్టింది, ఘనపుటడుగుకు 16 దాటింది. వాడ్చకుండా మూసిన మొదటి రెండు డ్రమ్ముల్లో అడుగున రసం నిలిచి పేడ వాసన వచ్చింది. మిగతా పది బాగున్నాయి. డ్రమ్ములకు మించిన గడ్డి ఇరుగుపొరుగు తోలుకెళ్ళారు, బదులుగా పెంట ఇచ్చారు.

ఖర్చు: డ్రమ్ములు 10,200, సంచులు 360, బెల్లం 1,064. మొత్తం 35,558.

దశ 8: పాలు పెరిగాయి, డబ్బు తగ్గింది (సెప్టెంబరు 20)

పాలు 30.1 లీటర్లకు చేరాయి. కేంద్రంలో చీటీ చూస్తే ఫ్యాట్ 6.1. ఆగస్టులో 29 లీటర్లకు రోజుకు 1,749 రూపాయలు వచ్చేవి. ఇప్పుడు 30.1 లీటర్లకు 1,652. నీళ్ళు కలిపావా అన్నట్టు కేంద్రం అబ్బాయి చూసిన చూపు ఇంకా గుర్తుంది.

కారణం గడ్డిలోనే ఉంది. లేత గడ్డిలో పీచు తక్కువ, నమలడం, నెమరు తక్కువ, ఫ్యాట్ దిగుతుంది. పెనం మీద ఎండబెడితే 48 రోజుల గడ్డి 100 గ్రాములకు 19 గ్రాములే తేలింది. ముదురు గడ్డి 250లో 172 కిలోలు తిన్నప్పుడు వాటికి దక్కిన ఎండు మేత 46 కిలోలు. లేత గడ్డి 235 తిన్నా 45 కిలోలే. కడుపు నిండినట్టే ఉంటుంది, నిండేది నీళ్ళతో.

మిర్యాలగూడ ఆయకట్టు నుంచి వచ్చే వరి గడ్డి కట్టలు మా దగ్గర ఉండనే ఉన్నాయి. బర్రెకు 3 కిలోలు, అదీ పచ్చి గడ్డికి ముందు, పాలు పిండిన వెంటనే. అక్టోబరు 5: పాలు 30.6, ఫ్యాట్ 6.6. వరి గడ్డి ముందే ఇంట్లో ఉన్నది కాబట్టి ఖర్చులో రాయలేదు.

దశ 9: దశరథ గడ్డి (అక్టోబరు 8 నుంచి)

చుట్టు పూర్తయ్యాక సాలు 207 కిలోలు తూగుతోంది. రోజుకు ఒకటిన్నర సాలు అంటే 310, కావాల్సిన దానికన్నా 60 ఎక్కువ. నీళ్ళు సరిగా పారని తూర్పు వైపు 15 సాళ్ళు ట్రాక్టర్‌తో తిరగేయించాం, 8 గుంటల పైచిలుకు. మిగిలిన 58 సాళ్ళకు కొత్త లెక్క: 5 రోజులకు 6 సాళ్ళు, రోజుకు 248 కిలోలు.

ఖాళీ అయిన చోట దశరథ గడ్డి (హెడ్జ్ లూసర్న్, మాంసకృత్తులు ఎక్కువుండే పప్పుజాతి మేత) విత్తనం 2 కిలోలు చల్లాను. రెండు వారాలైనా నేల మీద అక్కడొకటి ఇక్కడొకటి. విత్తనం పైపెంకు గట్టిది. కాచి దింపిన వేడి నీళ్ళలో 5 నిమిషాలు ఉంచి, తర్వాత రాత్రంతా చల్లటి నీళ్ళలో నానబెట్టాలట. అమ్మినవాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు. అక్టోబరు 22న మళ్ళీ 2 కిలోలు, ఈసారి నానబెట్టి. వారంలో మొలిచింది.

ఖర్చు: విత్తనం రెండుసార్లు 2,400, ట్రాక్టర్ 1,500. మొత్తం 39,458.

దశ 10: చలి (డిసెంబరు – జనవరి)

చలికి నేపియర్ ఆగిపోతుందని చదివాను కానీ ఇంతగా అనుకోలేదు. డిసెంబరు 10న 48 రోజుల సాలు 150 కిలోలే. రోజుకు 70 కిలోలు తక్కువ. ఇక్కడ పాత బుద్ధి మళ్ళీ వచ్చి, కావాల్సిన బరువు కోసం రోజుకు రెండు సాళ్ళు కోశాను. నాలుగో రోజుకు మేకుల మీద తేదీలు చూసుకొని ఆపాను. అలాగే కోసి ఉంటే నెల తిరిగేసరికి 30 రోజుల పిలకల మీద పడేవాణ్ణి.

లోటుకు డ్రమ్ములు తీశాం. పది డ్రమ్ములు 17 రోజులు వచ్చాయి. బర్రెలు మొదటి పూట వాసన చూసి తల తిప్పాయి. పచ్చి గడ్డిలో కలిపి, రోజుకు కొంచెం పెంచుతూ పోతే నాలుగో రోజు నుంచి డ్రమ్ము మూత చప్పుడుకే లేచి నిలబడుతున్నాయి. పాతర గడ్డి వాసన పాలకు పట్టకుండా పిండిన తర్వాతే పెట్టాం. వచ్చే ఏడు 12 డ్రమ్ములు చాలవు, 30 కావాలి.

డిసెంబరు 20: పాలు 28.2, ఫ్యాట్ 6.9. ఈ బర్రెలన్నీ ఈని 7–8 నెలలు దాటాయి, తగ్గుతాయి. ఆగస్టుతో పోల్చడం ఇక న్యాయం కాదు.

2025 జనవరి 20న దశరథ గడ్డి మొదటి కోత, మోకాలెత్తున. బర్రెకు 4 కిలోలు కలిపి పెడుతూ, జనవరి 21 నుంచి దాణా బర్రెకు అరకిలో తగ్గించాను. జనవరి 30కి పాలు 28.3, ఫ్యాట్ 6.8. పది రోజుల్లో పడిపోలేదు, కానీ పది రోజులు చాలదు. ఫిబ్రవరి 20 దాకా చూసి తూకాలు రాస్తాను. గాడి చివర కట్టేసే బర్రె మాత్రం రెండు రోజుల నుంచి ఖాళీ దాణా గంపను కొమ్ముతో ఎత్తి అవతల పడేస్తోంది.